మా హన్విక గుర్రుమంటోందట

జర్మనీ వెళ్లొచ్చానని తెలియగానే అందరూ కోటలు చూశావా, కార్ల ఫ్యాక్టరీ చూశావా అని అడుగుతున్నారు. కోట ఒకటి బస్సు కిటికీలోంచి కనబడింది. కార్లు రోడ్డు మీద కనబడ్డాయి. వేసవి సెలవుల్లో చెల్లెలింటికి వెళ్లిన నేను ఎక్కువగా చూసింది ఒక చిన్నపిల్లల బడి. హనుమకొండలో ఎల్‌కేజీ పిల్లల మీద ఏళ్ల తరబడి "సైలెన్స్!" అని అరిచిన గొంతుకు కాస్త విశ్రాంతినిద్దామని విమానం ఎక్కాను. పోయి పోయి మళ్లీ చిన్న కుర్చీల మధ్యే పడ్డాను. మన కర్మ మనకంటే ముందే విమానం దిగి ఎదురుచూస్తుంటుంది కాబోలు.

"అంత దూరం పోయి బడి చూసొచ్చావా?" అని మావారు నవ్వారు. నవ్వితే నవ్వనీ, నేను చెప్పేది చెబుతాను.

ఫ్రాంక్‌ఫర్ట్: దర్శనం దొరకని దేవుడు

విమానాశ్రయానికి మా మరిది కిరణ్ వచ్చాడు. మా చెల్లెలు స్రవంతి భర్త. తణుకువాడు. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వెళ్లి ఇంగోల్‌స్టాట్‌లో కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేస్తున్నాడు. "అండి" లేకుండా మాట్లాడడం అతనికి చేతకాదు. నా సూట్‌కేసు చక్రం రైలు మెట్టుకు తట్టుకుంటే దానికి కూడా "జాగ్రత్తండి" అన్నాడు.

రైల్లో మా ఎదురు సీట్లో సూర్యాపేట అమ్మాయి కూర్చుంది. ఎంఎస్ చదువుతోందట. నా చీర చూడగానే పలకరించింది. అప్పుడే నేను దాహానికి నీళ్ల సీసా మూత తిప్పితే అది బుస్సుమని పొంగి కొంగంతా తడిపేసింది.

"ఆంటీ, ఇక్కడ నీళ్లంటే సోడానే. మామూలు నీళ్లు కావాల్నంటే చూసి కొనుక్కోవాలె," అంటూ టిష్యూలు ఇచ్చింది. ఆ పిల్లకు వీసా గడువు దగ్గరపడిందట, ఆఫీసులో టెర్మిన్ దొరకడం లేదట. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు. "ఇల్లు చూడనీకి టెర్మిన్, డాక్టర్‌కు టెర్మిన్, ఆఖరికి టెర్మిన్ ఎప్పుడిస్తరో అడగనీకి గూడ టెర్మిన్. తిరుపతిల దర్శనమన్న దొరుకుతది గని ఈడ టెర్మిన్ దొరకది ఆంటీ!"

నేను పకపకా నవ్వాను. కిరణ్ నవ్వలేదు.

"మాక్కూడా చెవి డాక్టరు టెర్మిన్ దొరకట్లేదండి," అన్నాడు మెల్లగా.

"ఎవరి చెవికి?"

"పాపకండి."

పాప అంటే హన్విక, మా చెల్లెలి ఒక్కగానొక్క కూతురు. నాలుగున్నరేళ్లది. నేను వీడియో కాల్లో గుసగుసగా మావారిని తిట్టినా పట్టేసి "పెదనాన్నని ఏమన్నవ్?" అని అడిగే పిల్ల. దాని చెవులకు ఏమొచ్చిందో నాకు అంతుపట్టలేదు.

ఇంగోల్‌స్టాట్: ఇంట్లో తెలుగు బంద్

తలుపు తీయగానే హన్విక పరుగెత్తుకొచ్చి నా కాళ్లు చుట్టేసింది. "పెద్ద..." అని తల్లి వైపు చూసి, అంతలోనే "హలో" అంది.

"ఇంట్ల జర్మనే మాట్లాడుతున్నమక్కా," అంది స్రవంతి నా చేతిలో బ్యాగు అందుకుంటూ. "వాళ్ల డాడీ కథలు గూడ బంద్ పెట్టినం."

"ఎందుకే? తెలుగు మాట్లాడితే ఈడ పోలీసులు పట్కపోతరా?"

అది నవ్వలేదు. అన్నం వడ్డిస్తూ ముక్కలు ముక్కలుగా అసలు సంగతి చెప్పింది. హన్విక వెళ్లే బడిని కీటా అంటారు. అక్కడి టీచరు బిర్గిట్ పోయిన నెల తల్లిదండ్రులను పిలిచి, పిల్ల గురించి తను రాసినదంతా చదివి వినిపించింది. అన్నీ మెచ్చుకోళ్లే, ఒక్కటి తప్ప. పుస్తకం చదివి వినిపించేటప్పుడు హన్విక "బ్రుమ్ట్" అట.

"బ్రుమ్ట్ అంటే?"

స్రవంతి ఫోన్లో తెలుగు అర్థం చూపించింది. గుర్రుమంటోంది అని ఉంది.

"ఎలుగ్గొడ్డు అరుపుకీ ఇదే మాటండి వదినగారూ. పాత ఫ్రిజ్జు సౌండుకి కూడా ఇదేనంట," అన్నాడు కిరణ్. ఇంజినీరు కదా, ఎంత దిగుల్లోనూ మెషిన్లను వదలడు.

నేను హన్విక వైపు చూశాను. ఎలుగ్గొడ్డు లక్షణాలేవీ కనబడలేదు. పప్పన్నంలో నెయ్యి ఎక్కడుందో వెతుక్కుంటోంది. నాకు నవ్వు ఆగలేదు కానీ మా చెల్లెలి కళ్లు చూసి మింగేశాను.

పిల్లకు సరిగ్గా వినబడక అలా చేస్తోందో, మాటలు అర్థం కాక చేస్తోందో తెలియదు కాబట్టి చెవి పరీక్ష, మాట పరీక్ష చేయించమని బిర్గిట్ చెప్పిందట. సెప్టెంబరులో పెద్దపిల్లల గుంపులోకి పంపడమా, మరో ఏడాది చిన్నవాళ్లలోనే ఉంచడమా అన్నది ఆ తర్వాత చూద్దామందట. హన్విక ప్రాణస్నేహితురాలు లేనా పెద్దవాళ్లలోకి వెళ్లిపోతోంది. ఇది చాలదన్నట్టు పై అంతస్తు ఆవిడెవరో రెండు భాషలు కలిస్తే పిల్లలు తికమకపడతారని సలహా ఇచ్చింది. దాంతో స్రవంతి తెలుగుకు తాళం వేసింది.

"అమ్మ మనతోని తెలుగు, బడిల ఇంగ్లీషు, గల్లీల ఉర్దూ. మనమేమన్న తికమకపడ్డమా?"

"మన సంగతి వేరక్కా. నా బిడ్డ ఒక్కతే ఎన్కకు ఉండిపోతే నేను తట్టుకోలేను," అంది. ఇక ఏడుపు ఆపుకోలేదు.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. మా చెల్లి జర్మన్‌లో ఉద్యోగం చేయగలదు, ఇంటి ఓనరుతో పోట్లాడగలదు. ఆ భాషలో పిల్లను ముద్దుచేయడం మాత్రం దానికి రాదు. "తిను", "పడుకో", "చేతులు కడుక్కో" అని ఆజ్ఞలు తప్ప ఇంకేమీ వినబడని ఆ ఇంట్లో నాకు ఊపిరాడలేదు.

ఆ పూట హన్వికనే అడిగాను, బడిలో గుర్రుమంటావా అని. దానికి పౌరుషం వచ్చింది. జర్మన్‌లో ఏదో అని, ముఖం తిప్పుకుని పోయింది.

"'నేనేం ఎలుగుబంటిని కాదు' అందండి," అని అనువదించాడు కిరణ్.

కీటా: అడిగి తెరవాలి

మర్నాడు స్రవంతితో కలిసి హన్వికను దింపడానికి నేనూ బయల్దేరాను. జోరుగా వాన. మా దగ్గరైతే బడికి సెలవు. అక్కడ పిల్లలంతా రబ్బరు ప్యాంట్లు వేసుకుని బురదలో దొర్లుతున్నారు. ఆ బురద కోసమే ప్రత్యేకంగా ప్యాంటు కొంటారట. ధర విని, ఆ డబ్బుకు హనుమకొండలో నలుగురు పిల్లలకు యూనిఫాం కుట్టించొచ్చని లెక్కేశాను. కొత్తలో అందరూ అలాగే లెక్కేస్తారని, నెల తిరిగేసరికి మానేస్తారని స్రవంతి చెప్పింది.

ఇంకో విడ్డూరం ఏమిటంటే టీచరును పిల్లలు "బిర్గిట్!" అని పేరు పెట్టి పిలుస్తారు. ఆవిడ పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, ఉన్ని సాక్సులతో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో బెత్తం లేదు, చిన్న కాగితం ఉంది. ఇద్దరు పిల్లలు చెక్కముక్కల కోసం కొట్టుకుంటుంటే విడదీయకుండా ఏదో రాసుకుంటోంది. నా చేతులు మాత్రం ఆ ఇద్దరి చెవులు పట్టుకోవడానికి లాగుతున్నాయి.

నేనూ టీచరునేనని స్రవంతి చెప్పగానే ఆవిడ సంబరపడి, హన్విక ఫైలు తెచ్చింది. నేను ఠక్కున అట్ట తెరవబోయాను. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. కీటాలో ఆ ఫైలు పిల్లదట. పిల్ల ఒప్పుకుంటేనే ఎవరైనా తెరవాలట, టీచరైనా సరే. బిర్గిట్ వంగి హన్వికను అడిగింది. హన్విక నన్ను ఎగాదిగా చూసి, ఎలుగుబంటి అవమానం ఇంకా మరిచిపోలేదు కాబట్టి కాస్త బెట్టు చేసి, సరేనంది. రిజర్వు బ్యాంకులో లాకరు తెరిచినా అంత తతంగం ఉండదేమో!

లోపల ఏబీసీడీలు లేవు, మార్కులు లేవు. ఫొటోలు, వాటి పక్కన పిల్లకే రాసిన జాబులు. స్రవంతి ఒకటి తెలుగు చేసి చెప్పింది.

"ప్రియమైన హన్వికా, ఈరోజు నువ్వు ఇసుకలో కాలువ తవ్వావు. నీళ్లు పోస్తే ఇంకిపోయాయి. మళ్లీ పోశావు, మళ్లీ ఇంకిపోయాయి. నువ్వు లేచి వెళ్లి పెద్ద పెద్ద ఆకులు తెచ్చి అడుగున పరిచావు. ఎవరూ నీకు చెప్పలేదు. ఈసారి నీళ్లు చాలాసేపు నిలిచాయి. అది చూసి లేనా కూడా ఆకులు తేవడానికి వెళ్లింది."

చదివినంతసేపూ నాకు ఆ పిల్ల కళ్ల ముందు కనబడింది. నేనైతే ప్రోగ్రెస్ కార్డు మీద ఏం రాసేదాన్ని? "గుడ్". మా బడిలో గుడ్, వెరీ గుడ్, ఎక్సలెంట్ అని మూడే ముక్కలు. నాకు తలనొప్పి ఉన్నరోజున క్లాసంతా గుడ్డే. నాకు కొంచెం అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు! కాకపోతే ఇరవై మందికి అలా రాయడానికీ, మా దగ్గర అరవై మందికి రాయడానికీ తేడా ఉందని మనసులో నేనే వాదించుకున్నాను.

తర్వాత ఆ పేజీ వచ్చింది. "ప్రియమైన హన్వికా, నేను పుస్తకం చదువుతుంటే నువ్వు అందరికంటే దగ్గరగా కూర్చుంటావు. మధ్యమధ్యలో గుర్రుమంటావు. పిల్లలు నవ్వుతారు. నువ్వు నవ్వవు. నువ్వు ఏం చెప్పాలనుకుంటున్నావో నాకు ఇంకా తెలియడం లేదు."

ఒక టీచరు "నాకు తెలియడం లేదు" అని కాగితం మీద పెట్టడం నేను ఎన్నడూ ఎరుగను. బిర్గిట్ మీద అప్పటిదాకా నూరుతున్న కత్తి అక్కడే పక్కన పెట్టేశాను. ఆవిడ చెడ్డది కాదు, పిల్ల చెవిటిది కాదు. మరి ఈ గుర్రు ఎక్కడిది? స్రవంతి మాత్రం ఆ పేజీ దగ్గర మళ్లీ దిగులుపడి, సాయంత్రం పిల్లను ఇంటికి తెస్తూ దారి పొడవునా దానితో జర్మన్‌లో ముక్తసరిగా మాట్లాడింది.

మ్యూనిక్ దారి: ఆగిన రైలు

ఆదివారం ఇంగోల్‌స్టాట్‌లో దుకాణాలన్నీ మూసేస్తారు. అంత్యక్రియలు జరిగిన వీధిలా ఉంటుంది. అందుకని మ్యూనిక్ చూద్దామని రైలెక్కాం. స్టేషనులో మెలికలు తిరిగిన రొట్టె ఒకటి కొన్నాను, మన జంతిక్కి పెద్దన్నలాంటిది. పైన తెల్లగా ఉన్నది కలకండ అనుకుని ఒక్కసారే కొరికాను. రాళ్ల ఉప్పు! నా ముఖం చూసి హన్విక నాతో రాజీకి వచ్చింది.

జర్మనీ రైళ్లు గడియారం చూసి నడుస్తాయని చిన్నప్పటి నుంచి విన్నాను. మా రైలు పొలాల మధ్య ఆగి, కాజీపేట దగ్గర సిగ్నల్ కోసం నిలబడ్డట్టు నిలబడిపోయింది. ఎందుకాగిందో మైకులో ఒకాయన క్షమాపణలు చెబుతున్నాడు. హన్విక కాసేపు సీటెక్కింది, కాసేపు దిగింది. చివరికి నా చెవిలో, "పెద్దమ్మా, కథ," అంది.

స్రవంతి కళ్లతోనే వద్దంది.

"ఇంటి రూలు ఇంట్లనే. రైలు గవర్నమెంటుది," అని చెప్పి నేను మొదలుపెట్టాను. "ఒక ఊర్లె ఒక బర్రె ఉన్నది."

"ఊఁ."

"దానికి సైకిల్ నేర్చుకోవాల్నని మనసైంది."

"ఊఁ."

"సైకిల్ షాపుకు పోయి, నా సైజుల సీటు ఉన్నదా అని అడిగింది."

"ఊఁ."

మా ఎదురుగా ఒక ముసలావిడ తెల్ల ఆస్పరాగస్ కట్టలున్న బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొత్త సుద్దముక్కల్లాంటి కూర అది, అక్కడివాళ్లు అది దొరికే కాలమంతా అదే తింటారు. ఆవిడ చాలాసేపు హన్వికనే చూసి, స్రవంతిని మర్యాదగా ఏదో అడిగింది. నాకు వచ్చిన జర్మన్ మాటలు అప్పటికి మూడు. థాంక్స్ చెప్పే డాంకె, టెర్మిన్, మూడోది ఆ ఇంట్లో పొద్దస్తమానం నలిగే మాట. ఆ మూడోదే ఆవిడ నోట్లోంచి వచ్చింది. బ్రుమ్ట్.

"ఏమంటున్నదే ఆమె?"

"పాప ఎందుకట్ల గుర్రు..." అని స్రవంతి సగంలో ఆగిపోయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. నేను హన్విక వైపు చూశాను. కథ ఆగిపోయినందుకు అది విసుగ్గా, గట్టిగా, "ఊఁ!" అంది.

"ఓరి నాయనో!" అని కిరణ్ సీట్లోంచి లేచాడు. "ఊ కొడతందండీ వదినగారూ! పాప ఊ కొడతందండీ!"

పెట్టెలో జనమంతా మావైపు తిరిగారు. మేము ముగ్గురం వెర్రివాళ్లలా నవ్వుతున్నాం, అందులో స్రవంతి నవ్వుతూనే ఏడుస్తోంది. కథ చెబుతుంటే ఊ కొట్టడం మనకు ఊపిరి తీసుకున్నంత మామూలు. కిరణ్ కథ చెప్పినన్నాళ్లూ పిల్ల ఊ కొడుతూనే ఉంది. అది అతనికి ఒక శబ్దంగా వినబడనే లేదు. అదే ఊఁ జర్మన్ చెవిలో పడి, జర్మన్ కాగితం మీదికెక్కి, ఫోన్‌లోంచి తెలుగులోకి తిరిగొచ్చేసరికి ఎలుగుబంటి అయి కూర్చుంది.

స్రవంతి ముసలావిడకు విషయం చెప్పింది. ఆవిడ తల పంకించి, బుట్ట పక్కన పెట్టి, బర్రె సంగతి ఏమైందో చెప్పమంది. రైలు కదిలింది. మ్యూనిక్ దాకా నేను తెలుగులో కథ చెబుతుంటే, ఒక్క ముక్క అర్థం కాని ఆ పెద్దావిడ హన్వికతో పోటీగా ఊ కొట్టింది. మ్యూనిక్‌లో ఏం చూశానని అడగకండి, నాకు గుర్తు లేదు.

మళ్లీ కీటా: నోరు విప్పని పిల్ల

"బిర్గిట్ నమ్ముతదంటవా? తల్లిదండ్రులు సాకులు చెప్తున్నరనుకుంటదేమో," అని స్రవంతికి కొత్త భయం పట్టుకుంది. మర్నాడు వెళ్లి చెబితే నమ్మింది. కానీ తను చూసిందే రాస్తుందట. మీరే వచ్చి పిల్లలందరికీ తెలుగులో కథ చెప్పండి, నేను కూర్చుని చూస్తాను, అంది నాతో.

ఎల్‌కేజీ పిల్లలంటే నాకు భయమా? కానీ ఆ రోజు గుండ్రంగా కూర్చున్న పిల్లల మధ్య, ఉన్ని సాక్సుల పక్కన కూర్చుని కొంగు రెండుసార్లు సర్దుకున్నాను. ఇన్స్పెక్షన్‌కు డీఈఓ వచ్చినరోజు కూడా నేనంత కంగారుపడలేదు. స్రవంతి గోడవారగా నిలబడి చున్నీ కొస నలుపుతోంది. బిర్గిట్ చేతిలో కాగితం, పెన్సిలు.

"ఒక ఊర్లె ఒక బర్రె ఉన్నది," అన్నాను.

హన్విక నోరు విప్పలేదు. పిల్లలు నవ్విన సంగతి దానికి గుర్తుంది కదా. తల్లి వైపు చూసింది. ఈ పిల్ల తెలుగులో నోరు తెరవబోయినప్పుడల్లా కళ్లతో ఆపింది ఆ తల్లే. నేను రెండో వాక్యం చెప్పలేదు. మొండికేసి అలాగే కూర్చున్నాను. క్లాసులో నిశ్శబ్దం కోసం జీవితమంతా గొంతు చించుకున్నదాన్ని, ఆ నిశ్శబ్దాన్ని ఆ ఒక్క పూట భరించలేకపోయాను.

లేనా హన్వికను మోచేత్తో పొడిచి, మీ పెద్దమ్మ ఎందుకు ఆగిపోయిందని అడిగింది. హన్విక చూసి చూసి, ఇక లాభం లేదన్నట్టు లేచి నిలబడింది. జర్మన్‌లో గడగడా ఏదో అంటూ వేలు చూపిస్తూ అందరినీ కోప్పడింది. గోడ దగ్గర నుంచి స్రవంతి నాకు తెలుగు చెప్పింది.

"'మీరెవ్వరు ఊఁ అంటలేరు! ఊఁ అనకపోతే మీరు నిద్రపోయిన్రనుకుంటది. కథ రాదు. నేను రోజూ చెప్తనే ఉన్న, మీరే నవ్వుతున్నరు' అంటున్నదక్కా."

ఆ తర్వాత సంగతి చెప్పాలా? ఇరవై మంది ఊఁ అన్నారు. ఒకడు కథలో బర్రె ఉందని తెలుసుకుని ఊఁకు బదులు "మూఁ" అన్నాడు. హన్విక వాణ్ని సరిదిద్దింది. బిర్గిట్ కాగితం పక్కన పడేసి తనూ ఊ కొట్టింది. మా బర్రె ఆరోజు సైకిల్ నేర్చుకుని, క్యారియర్ మీద దూడను ఎక్కించుకుని పోయింది.

బయల్దేరే ముందురోజు

మధ్యాహ్నం హన్విక ఫైలు ఇంటికి తెచ్చింది. కొత్త జాబు వచ్చిందట. పరీక్షలు ఇక అక్కర్లేదని, పెద్దపిల్లల గుంపు సంగతి అందులోనే రాస్తానని బిర్గిట్ చెప్పిందట, అందుకే కిరణ్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాడు. స్రవంతి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"తెరవాల్నా బంగారం?" అని అడిగింది, తెలుగులో.

హన్విక వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూసింది. నిజంగానే తెలుగులో అడిగిందా అన్నట్టు చూసి, తనే అట్ట తెరిచింది. స్రవంతి ఒక్కో వాక్యం కళ్లతో చదువుకుని, నాకోసం తెలుగులో చెప్పసాగింది.

"'ప్రియమైన హన్వికా, ఈ వారం నువ్వు మాకు కథ వినడం నేర్పించావు.'"

"ఊఁ."

"'నువ్వు వినడం లేదేమోనని నేను చాలా రోజులు అనుకున్నాను.'"

"ఊఁ."

"'వింటున్నానని నాకు ప్రతిసారీ చెప్పింది మాత్రం నువ్వొక్కదానివే.'"

"ఊఁ."

"'సెప్టెంబరులో నువ్వు లేనాతో కలిసి...'"

స్రవంతి అక్కడ ఆగిపోయింది. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ వాక్యం మళ్లీ చదువుకుంది. కిరణ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు కాగితం మీది అక్షరాలు అర్థం కావు కానీ, మా చెల్లి ముఖం అర్థమవుతుంది. రైల్లోలాగే నవ్వుతూ ఏడుస్తోంది.

హన్విక కాసేపు ఓపిక పట్టింది. తల్లి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఊఁ అన్న గద మమ్మీ. చెప్పు."

స్రవంతి ముక్కు తుడుచుకుని, మిగతాది కూడా తెలుగులోనే చెప్పింది.